ఫైనల్ మ్యాచ్ డబ్బా

"ముట్టుకోకండి! మీకు దండం పెడతాను మేడమ్, ఇంకేమీ ముట్టుకోకండి!"

వకీలు ఫోనులో వేసిన కేకకు కాగితాలమ్మ చేతిలో భూతద్దం ఎగిరిపడింది. రిసీవరు చెవికి కొంచెం దూరంగా పెట్టుకుని, బల్ల మీద వెలుగుతున్న అద్దం వైపు మరోసారి చూసింది. అద్దం మీద ఒక ఫిల్ము ముక్క. అందులో బొటనవేలి గోరంత బొమ్మ.

యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో వ్యక్తిగత పత్రాల విభాగం ఆవిడది. పెద్దపెద్ద వాళ్లు పోయాక వాళ్ల ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు, కళ్లజోళ్లతో సహా అట్టపెట్టెల్లో అక్కడికి చేరతాయి. వాటికి నంబర్లు వేసి, పురుగు పట్టకుండా కాపాడి, అడిగినవాళ్లకు చూపించడమే ఆవిడ పని. స్టాఫ్‌రూములో ఎవరో సరదాకి కాగితాలమ్మ అన్నారు. అది కాస్తా రిజిస్ట్రారు దాకా పాకింది. ఆవిడ పైకి విసుక్కునేది గానీ, ఆ పేరుతో పిలిస్తే పలికేది.

"దొరికింది కదండీ! కనీసం స్కాన్ చేసి ఒక కాపీ పెట్టనివ్వండి," అంది.

"కాపీ అన్న మాటే ఎత్తకండి. కంప్యూటర్లోంచి వచ్చిందంటే, కంప్యూటరే పుట్టించిందంటాడు అవతలి వకీలు. సోమవారం పొద్దున్నే కోర్టు కమిషనర్ వస్తాడు. తన చేత్తో తీస్తాడు, ఇద్దరి ఎదురుగా సీలు వేస్తాడు. అంతవరకూ అది ఎక్కడ దొరికిందో అక్కడే ఉండాలి. ఇన్నేళ్లు ఆగాం, రెండు రోజులు ఆగలేమా?"

రెండు రోజులే కదా అనుకుంది కాగితాలమ్మ. ఫిల్మును కాగితపు కవర్లోకి, కవరును రేకు డబ్బాలోకి, డబ్బాను నేలమాళిగలో అట్టడుగు అరలోకి, ఎలా తీసిందో అలాగే చేర్చేసింది.

ఆ బొమ్మలో ఉన్నది ఫుట్‌బాల్ మైదానం. గోల్‌పోస్టు వెనక కిక్కిరిసిన జనం, వాళ్ల నెత్తిన స్కోరు బోర్డు. మొదటి వరసలో ఒక కుర్రాడు కుడిచెయ్యి పైకెత్తి గొంతు చించుకుంటున్నాడు. ఎడమచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. నెగటివ్ కాబట్టి తెల్లకట్టు నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉన్నాయి. అంతే తేడా.

సరిగ్గా అదే సాయంత్రం, అక్కడికి నాలుగు గంటల ప్రయాణం దూరంలో, ఒక గోదాములో కాపలావాడిని ఎవరో చంపేశారు. అక్కడ మూటలు మోసే ఈ కుర్రాణ్ణి, ఆ వారమే చెయ్యి విరిగి కట్టుతో ఉన్నవాణ్ణి, పోలీసులు పట్టుకెళ్లారు. "నేను ఫైనల్ మ్యాచ్‌కెళ్లాను," అన్నాడు. "నలభైవేల మంది ఉన్నారు, ఒక్క సాక్షిని చూపించు," అన్నారు. ఇద్దరు స్నేహితులు చెప్పారు గానీ, స్నేహితుల సాక్ష్యం కోర్టుకు ఆనలేదు. పదిహేడేళ్లుగా లోపలే ఉన్నాడు.

గోల్‌పోస్టు పక్కన కూర్చుని ఆ రోజు ఫోటోలు తీసినవాడు ఒక్కడే. అతను పత్రికతో తగాదా పడి, నెగటివ్‌లు ఎవడికీ దక్కకూడదని, "అన్నీ తగలబడిపోయాయి," అని కోర్టుకు కూడా అబద్ధం చెప్పిన మొండిఘటం. కిందటేడు అతను పోతే, కూతురు సామానంతా తెచ్చి యూనివర్సిటీకి ఇచ్చింది. ఆ సామాన్లో రేకు డబ్బాలు బయటపడ్డాయి. మ్యాచ్‌కొక డబ్బా.

ఆ వార్త పేపర్లో చదివి పరిగెత్తుకొచ్చిన మనిషే కండక్టరమ్మ, కుర్రాడి అక్క. సిటీ బస్సులో టికెట్లు కొడుతుంది. సెలవు దొరికిన ప్రతిసారీ ఆర్కైవ్స్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది.

"సర్దని పెట్టెలు బయటివాళ్లకి చూపించకూడదమ్మా, రూలు," అని మొదటిరోజే చెప్పింది కాగితాలమ్మ.

"నేను బయటిదాన్ని సరే, లోపలున్నది మావాడు కదక్కా," అంది కండక్టరమ్మ. "టికెట్ లేకుండా ఎక్కినోణ్ణి కూడా తరవాతి స్టాపు దాకా నిలబడనిస్తాను నేను. నన్నూ అట్లాగే ఒక మూల నిలబడనీ."

మూల నిలబడనివ్వడానికీ రూలు లేదు. కానీ ఆ రోజు నుంచి కాగితాలమ్మ తన పని అయ్యాక ఇంటికి వెళ్లకుండా డబ్బాలు ఒక్కొక్కటే విప్పి, ఫిల్ము ముక్క తరవాత ఫిల్ము ముక్క వెతికింది. నెలలు పట్టింది. ఫైనల్ మ్యాచ్ డబ్బా పసుపు మూతది, ఒక పక్క సొట్ట పడి ఉంటుంది. దొరికిన నాడు దాన్ని రీడింగ్ రూము అద్దాల్లోంచి కండక్టరమ్మకు చూపించింది కూడా. లోపల ఉన్నాడో లేడో మాత్రం ఈ శుక్రవారం తేలింది.

వకీలు ఫోను పెట్టేయగానే ఆమెకు ఫోను చేసింది. అవతల బస్సు హారను, జనం గోల.

"దొరికాడమ్మా."

అవతల టికెట్లు కొట్టే చప్పుడు ఆగింది.

"ఎట్లా ఉన్నాడక్కా?"

"చెయ్యెత్తి అరుస్తున్నాడు. కట్టు కూడా కనిపిస్తోంది."

"ఏయ్, ఆపండయ్యా బస్సు!" అని ఆమె డ్రైవరు మీద కేకేసింది. తరవాత ఏడుపు వినపడింది. దాని మీద ఎవరో ప్రయాణికుడి గొంతు: "ఏమైందమ్మా, చిల్లర పోయిందా?"

ఆదివారం పొద్దున్నే వాచ్‌మన్ ఫోను.

"అమ్మా, మేడ మీద ట్యాంకు పైపు ఊడిందమ్మా. రాత్రంతా కారినట్టుంది. కింద… కింద మొత్తం చెరువమ్మా."

కాగితాలమ్మ భర్త లెక్కల మాస్టారు. అప్పుడే పేపరు విప్పాడు. "ఆదివారం కూడా కాగితాలతోనే కాపురమా?" అనబోయి, భార్య ముఖం చూసి, మాట మింగి స్కూటరు తాళాలు అందుకున్నాడు.

నేలమాళిగలో కరెంటు పోయింది. టార్చి వెలుగులో మోకాలి లోతు నీళ్లు. అట్టపెట్టెలు ఉబ్బి, అడుగులు ఊడి తేలుతున్నాయి. అన్నిటినీ దాటుకుంటూ ఆవిడ నేరుగా అట్టడుగు అర దగ్గరికి వెళ్లి, నీళ్లలో భుజం దాకా చెయ్యి పెట్టి తడిమింది. సొట్ట వేళ్లకు తగిలింది.

పైకి తెచ్చి మూత తీస్తే డబ్బా నిండా నీళ్లే. కవర్లు మెత్తబడ్డాయి. కానీ ఫిల్ము ముక్కలు దేనికదిగా జారుతున్నాయి, ఇంకా ఒకదానికొకటి అంటుకోలేదు.

తడిసిన కాగితానికి గాలి ప్రాణం. తడిసిన ఫిల్ముకు ఆ గాలే యముడు. ఫిల్ము మీద బొమ్మ ఉండేది సన్నటి జిగురు పొరలో. నీళ్లలో ఉన్నంతసేపు ఆ పొర ఉబ్బి ఊరుకుంటుంది. ఆరడం మొదలుపెట్టిందా, పక్కన ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది, మళ్లీ వదలదు. అందుకని తడిసిన ఫిల్మును, నిపుణుడి చేతికి వెళ్లేదాకా, చల్లటి మంచినీళ్లలో ముంచే ఉంచాలి.

పక్క ఊళ్లో ఉన్న ఫిల్ము ల్యాబు మనిషికి ఫోను చేస్తే అతను కూడా అదే చెప్పాడు. "సాయంత్రానికల్లా నేనొచ్చేస్తా. ఇంతకన్నా ఘోరంగా మునిగినవి తీశాను, భయపడకండి. నీళ్లు వెచ్చబడనివ్వద్దు, వీలైతే ఐసు వేయండి. ఆరనివ్వద్దు, అదొక్కటే."

పై అంతస్తులో రీడింగ్ రూముకు కరెంటు ఉంది. అప్పటికే లైబ్రరీ సిబ్బంది తడి కాగితాలు మోసుకొచ్చి బల్లల నిండా పరుస్తున్నారు. ఎక్కడెక్కడి ఫ్యాన్లూ తెచ్చి తిప్పుతున్నారు. కాగితాలమ్మ ఒక మూల నీలం టబ్బుల్లో మంచినీళ్లు పోయించి, ఫిల్ము డబ్బాలన్నీ అందులో ముంచింది. పసుపు మూత డబ్బాకు విడిగా చిన్న టబ్బు. గోడకు పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: ఎవరూ ముట్టుకోరాదు.

"ఎవరైనా దీని జోలికొస్తే ఊరుకోవద్దు," అని వాచ్‌మన్‌కు చెప్పింది. క్యాంపస్‌లో ఐసు లేదు. భర్త స్కూటరెక్కి ఐసు ఫ్యాక్టరీకి బయల్దేరుతూ వకీలుకు విషయం చెప్పింది. వకీలు కండక్టరమ్మకు చెప్పాడు.

ఫ్యాక్టరీకి తాళం వేసి ఉంది. ఓనరును వెతికి పట్టుకుని, బతిమాలి, దిమ్మ పగలగొట్టించి, గోనెసంచిలో కట్టించుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడవునా మాస్టారి వీపు మీద చల్లటి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "పెళ్లయిన ఇన్నేళ్లకి చల్లగా చూసుకుంటున్నావు," అన్నాడు. ఆవిడ నవ్వింది కూడా.

రీడింగ్ రూము గుమ్మంలో ఆ నవ్వు ఆగిపోయింది. చిన్న టబ్బు ఖాళీగా ఉంది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఖాకీ బట్టల్లో కండక్టరమ్మ కూర్చుని ఉంది. టికెట్ల సంచి కింద పడేసి, ఫ్యాను తన వైపు తిప్పుకుని, రెండు లావుపాటి నిఘంటువులను అరచేతులతో అదిమి పట్టుకుంది.

"వచ్చావా అక్కా!" అంది, ముఖమంతా వెలిగిపోతూ. "భయపడకు. నేను చూసుకున్నా. ఒక్క చుక్క లేకుండా ఆరబెట్టేశా."

కాగితాలమ్మ చేతిలోంచి గోనెసంచి జారింది.

"ఇక్కడ అందరివీ ఆరబెడుతున్నారు, మావాడి డబ్బా ఒక్కటే నీళ్లల్లో వదిలేశారు," కండక్టరమ్మ చెప్పుకుపోతోంది. "ఇదేం న్యాయం? అడుగుదామంటే ఎవడి గోల వాడిది, వాచ్‌మనేమో కింద సామాను మోస్తున్నాడు. గోడ మీద రాసింది చూశాలే, ఎవరూ ముట్టుకోరాదని. ఆ ఎవరూలో నేనెందుకుంటాను? నా తమ్ముడు కదా. ఒక్కో ముక్కా నా చీర చెంగుతో… ఈ యూనిఫారంలో పైట కూడా లేదు, జేబురుమాలుతోనే అద్దాను, చంటిపిల్లాడి ఒళ్లు తుడిచినట్టు. ముడుచుకుపోతుంటే వరసగా పేర్చి ఈ పుస్తకాలు పెట్టా. చూడు, ఎంత చదునుగా వచ్చాయో."

పుస్తకాలు తీసింది.

ఫిల్ము ముక్కలు, వాటి కవర్లు కలిసి చిన్న ఇటుకలాగా గట్టిపడి ఉన్నాయి. కాగితాలమ్మ గోటితో ఒక అంచు కదిపి చూసింది. కదలలేదు.

"కొంచెం అతుక్కున్నాయి కదా? పర్లేదు, నువ్వు తీసేస్తావులే. నీకు వచ్చు కదా ఇదంతా."

"తీస్తాను," అంది కాగితాలమ్మ. ఇంకేదో నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఆ కళ్లు చూసి, "నువ్వు డ్యూటీకి వెళ్లమ్మా," అంది.

సాయంత్రం ల్యాబు మనిషి వచ్చాడు. ఇటుకను మళ్లీ చల్లటి నీళ్లలో నానబెట్టి, సన్నటి బద్దతో విడదీయడానికి చూశాడు. అతని వేళ్లు సర్జన్ వేళ్లలా కదులుతుంటే కాగితాలమ్మ పక్కన టార్చి పట్టుకుని నిలబడింది. పై ముక్క వచ్చింది. రెండోది వచ్చింది. వచ్చినవన్నీ శుభ్రంగా, గాజులాగా, ఖాళీగా వచ్చాయి. బొమ్మ ఊడిపోయి కొంత కవరుకు అంటుకుంది, కొంత నీళ్ల మీద బూడిదరంగు తెట్టులా తేలింది.

గోల్‌పోస్టు ఉన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి అతను బద్ద పక్కన పెట్టేశాడు.

"స్కోరు బోర్డులో మూల ఒకటి మిగిలింది మేడమ్. మనుషులెవరూ లేరు."

"నీళ్లలోనే ఉండి ఉంటే?"

"వచ్చేసేది," అన్నాడతను, చేతులు తుడుచుకుంటూ. "బరువు పెట్టి ఆరబెట్టిందెవరు? తెలిసినవాళ్లేనా?"

ఆవిడ ఖాళీ ముక్కలను పళ్లెంలోకి తీసింది. "మీ రిపోర్టులో బొమ్మ దెబ్బతిందని రాయండి. ఎట్లా దెబ్బతిందో రాయకండి," అంది.

"అడిగితే?"

"అడిగితే నన్నడగమనండి."

సోమవారం పొద్దున్న రీడింగ్ రూములో కమిషనర్, ఇద్దరు వకీళ్లు, రిజిస్ట్రారు, కండక్టరమ్మ బల్ల చుట్టూ చేరారు. కండక్టరమ్మ యూనిఫారం బదులు ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. బల్ల మీద తెల్లటి పళ్లెంలో ఖాళీ ఫిల్ము ముక్కలు.

"ఇందులో ఏముందండీ? కిటికీ అద్దంలా ఉంది," అన్నాడు కమిషనర్.

"శుక్రవారం ఉంది. నా కళ్లతో చూశాను. ప్రమాణం చేసి చెప్తాను," అంది కాగితాలమ్మ.

అవతలి వకీలు మర్యాదగా నవ్వాడు. "ఏం చూశారు మేడమ్? గోరంత బొమ్మలో తెల్లజుట్టు, నల్లపళ్ల మనిషిని. నెగటివ్‌లో మా తాతా అట్లాగే ఉంటాడు, మీ తాతా అట్లాగే ఉంటాడు. పైగా ఈ కుర్రాణ్ణి మీరు జన్మలో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కమిషనర్ రాసుకున్నాడు.

"ఫిల్ము ఇలా ఎందుకైంది?"

కాగితాలమ్మ నోరు తెరిచేలోపే కండక్టరమ్మ లేచింది.

"నేను చెప్తా సార్. ఈవిడే ముంచింది! పైపు నీళ్లు చాలలేదని టబ్బులో మళ్లీ నీళ్లు పోసి ముంచి, తాను షికారుకెళ్లింది. నేను వచ్చేసరికి నా తమ్ముడు నీళ్ల అడుగున ఉన్నాడు."

"నిజమేనా? నీళ్లలో పెట్టింది మీరేనా?" కమిషనర్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"నేనే పెట్టాను."

రిజిస్ట్రారు నుదురు కొట్టుకున్నాడు. "తడిసినదాన్ని మళ్లీ నీళ్లలో పెట్టడమేమిటండీ కాగితాల… మేడమ్!"

"తీసిందెవరు?"

"నేను తీశాను సార్," అంది కండక్టరమ్మ. "నేను తీసి ఆరబెట్టబట్టే ఆ మూలైనా మిగిలింది."

"మంచి పని చేశారమ్మా," అన్నాడు కమిషనర్.

కాగితాలమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఒక్క వాక్యం చాలు. ఏ ఆర్కైవ్స్ పుస్తకమైనా తెరిచి చూపిస్తే చాలు. గోడ పక్కన నిలబడ్డ ల్యాబు మనిషి ఆవిడ వైపే చూస్తున్నాడు, సైగ చేస్తే చెప్పేద్దామన్నట్టు. ఆవిడ చూపు దించుకుంది. కమిషనర్ కలం కరకరమని వాక్యం పూర్తిచేసి, చుక్క పెట్టింది.

వరండాలో కుర్రాడి వకీలు వెనకే వచ్చాడు. ల్యాబు మనిషి అసలు సంగతి అతని చెవిన వేసేశాడు.

"ఎందుకు ఊరుకున్నారు మేడమ్? రిజిస్ట్రారు మీకు మెమో టైపు చేయిస్తున్నాడు. ఉన్నమాట చెప్పేయండి, నేను కమిషనర్ని వెనక్కి పిలుస్తాను."

"చెప్తే ఫిల్ము వస్తుందా?"

"రాదు."

"కేసు నిలబడుతుందా?"

"నిలబడదు. కానీ మీ…"

"శుక్రవారం నన్నొక్క కాపీ తీయనిచ్చి ఉంటే?" అంది ఆవిడ హఠాత్తుగా, గొంతు పెంచి.

వకీలు ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "జైల్లో ములాఖత్ బుధవారం," అన్నాడు చివరికి. "ఆవిడ వెళ్లి తమ్ముడికి చెప్పాలి. ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు. ముంచిన మనిషి ఎవరో ఒకరుంటే కనీసం తిట్టుకోవడానికైనా ఉంటుంది."

అతను మెట్లు దిగిపోయాడు.

కాగితాలమ్మ రీడింగ్ రూములోకి తిరిగొచ్చింది. మిగతా డబ్బాలు ఇంకా టబ్బుల్లోనే ఉన్నాయి. ల్యాబు మనిషి వ్యాను వచ్చి వాటిని తీసుకెళ్లేదాకా ఆరకూడదు. పొద్దుటి నుంచి ఎవరూ నీళ్లు మార్చలేదు. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. ఆవిడ కొంగు బిగించి, పాత నీళ్లు వంచి, బకెట్టుతో మంచినీళ్లు తెచ్చి పోయసాగింది.

వెనక అడుగుల చప్పుడైంది. కండక్టరమ్మ. మరిచిపోయిన గొడుగు కోసం వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, బకెట్టు వైపు, టబ్బుల వైపు చూసింది.

"అక్కా అని పిలిచాను నిన్ను," అంది నెమ్మదిగా. ఈ సారి గొంతులో కేకలు లేవు. "నిన్న అంత జరిగాక కూడా… ఇంకా ముంచుతూనే ఉన్నావా?"

కాగితాలమ్మ తిరిగి చూసింది. చేతిలో బకెట్టు బరువుగా ఉంది. ఆపితే ఎందుకు ఆపావంటుంది, ఆపకపోతే ఎందుకు పోస్తున్నావో చెప్పమంటుంది.

"గొడుగు ఆ కుర్చీ వెనకాల ఉందమ్మా," అంది.

కండక్టరమ్మ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడినంతసేపూ ఆగి, కాగితాలమ్మ బకెట్టు వంచింది. డబ్బాలు మూతల దాకా మునిగాయి.